నెల రోజులుగా మంచం మీద

సోమవారం నేను గవరపాలెంలో నాలుగు వీధులు తిరిగి ఎండుచేపలు అమ్మాను. మంగళవారం మంచం దిగలేకపోయాను. మధ్యలో జరిగింది ఒక్క జ్వరమే.

వానాకాలం. సోమవారం సాయంత్రం తడిసి ఇంటికి వచ్చాను. చలి పట్టింది. రెండు దుప్పట్లు కప్పుకున్నా పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. జ్వరం నాకు కొత్త కాదు. మిరియాల చారు తాగి పడుకుంటే తెల్లారేసరికి లేచేదాన్ని. డెబ్భై ఏళ్ళుగా అలాగే జరిగింది. ఈసారి తెల్లవారింది గాని నేను లేవలేదు. కాళ్ళు ఉన్నాయి, కనబడుతున్నాయి, నా మాట వినడం లేదు. మంచం పట్టె పట్టుకుని బలవంతంగా లేవబోతే మోకాళ్ళు మడతపడి నేల మీద కూలబడ్డాను. కూర్చున్న చోటే చీర తడిసిపోయింది. అంతకు రెండు మూడు రోజుల ముందు నుంచి మూత్రానికి వెళితే మంటగా ఉంటోంది. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరు. మా ఆయన ఎల్లారావు పోయి పంతొమ్మిదేళ్ళయింది. మాకు పిల్లలు కలగలేదు.

పక్క వాటాలో కుమారి ఉంటుంది. జాకెట్లు కుడుతుంది. మొగుడు లారీ మీద వెళితే వారం పది రోజులకు గాని రాడు. మా ఇద్దరికీ మధ్య ఉన్నది ఒక్క గోడ. నేను నేల మీద నుంచే గిన్నె తీసి ఆ గోడను కొట్టాను. అవతల మిషను ఆగింది.

"ఓలమ్మో! ఏటి పిన్నీ ఇలాగ కూకుండిపోయేవు?" అంటూ వచ్చి నా నుదుటి మీద చెయ్యి వేసి వెంటనే తీసేసింది. "ఒళ్ళు పెనంలాగ కాలిపోతంది గదే!"

చీర మార్చింది. ఆటో పిలిచింది. ఆటో సత్తియ్యా, ఆమే చెరో రెక్కా పట్టి నన్ను ఎక్కించారు. దారిలో కుమారి నా చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది.

"పిన్నీ, ఇను. అక్కడ నాను మాటాడతాను. నువ్వు నోరిప్పకు. దిగి నడిసేవనుకో, నాలుగు మాత్రలిచ్చి తోలేత్తారు. మా అత్తనలాగే నడిపించుకెళ్ళేను. నడుత్తంది గదా, ఏటీ పర్లేదన్నారు. మూడ్రోజులకి పోయింది."

"నడవడానికి నాకు కాళ్ళాడితే గదే."

"అదే మంచిది. అలాగే వాల్చేసుకునుండు."

సత్తియ్య ముందు నుంచి, "నాను మోసుకెల్తాన్లే పిన్నీ, ఇంకా బాగా నమ్ముతారు" అన్నాడు. అన్నట్టే మోసుకెళ్ళాడు.

ఆసుపత్రి అత్యవసర విభాగంలో ఒక అమ్మాయి కాగితం పట్టుకుని నిలబడి ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నెల్రోజులండి," అంది కుమారి.

"నెల రోజులుగా జ్వరమా?"

"జొరం నిన్నట్నుంచండి. మంచం మీద నెల్రోజుల్నుంచి. లెగదండి. తినిపించడం, తుడవడం, తానం, అన్నీ నానేనండి."

"మీరేమవుతారు?"

"కోడల్నండి."

అమ్మాయి రాసుకుంది. ఒక్క నిమిషంలో నాకు కోడలు వచ్చింది, కాళ్ళు పోయాయి. నేను విన్నాను. నోరు తెరిచి కాదని చెప్పవచ్చు. చెప్పలేదు. ఆ మాటతోనే నాకు మంచం దొరికింది, చేతికి సూది గుచ్చి సెలైను పెట్టారు. అందులో నా వంతు కూడా ఉంది.

తరువాతి రెండు రోజులు నాకు తెలియదు. జ్వరం నూట నాలుగు దాటిందట. మూత్రంలో చీము చేరి అది ఒళ్ళంతా పాకిందన్నారు. నన్ను పరీక్ష చేయడానికి వచ్చిన డాక్టరుతో, "సేపలు అలా ముట్టుకుని సూసి ఎల్లిపోతే ఎలాగ బాబూ, కొను" అన్నానట. వార్డంతా నవ్విందట. నాకు గుర్తు లేదు.

మూడో రోజు జ్వరం తగ్గింది. కళ్ళు తెరిచేసరికి కింద మూత్రానికి గొట్టం ఉంది. చంటిపిల్లలకు కట్టినట్టు నడుముకు డైపరు కట్టారు. మంచానికి ఒక పక్క ఇనుప కమ్మీలు లేపి ఉన్నాయి. శ్రీదేవి అనే నర్సు గిన్నెలో ఇడ్లీ మెత్తగా కలిపి నా నోటి దగ్గరికి తెచ్చింది.

"నోరు తెరువు మామ్మా."

"ఇలాగియ్యమ్మా, నాను తింటాను."

చెంచా తీసుకున్నాను. చెయ్యి వణికి ఇడ్లీ గుండెల మీద పడింది. ఆమె విసుక్కోలేదు. చెంచా తీసుకుని, "నీకు అలవాటు లేదు గదా, నేను పెడతాన్లే" అంది. నాకేం అలవాటు లేదో అప్పుడు అర్థం కాలేదు.

మధ్యాహ్నం అడిగాను. "సిస్టరమ్మా, ఈ గొట్టం తీసేయి. నాను నడిసెల్లి వత్తాను."

"నడకా? నీకు ముందు నుంచీ నడక లేదు గదా."

"నాకా? మొన్న సోమారం నాలుగీదులు తిరిగేనమ్మా!"

ఆమె మంచం చివర వేలాడుతున్న కాగితాలు తిప్పి చూసింది. "నెల రోజులుగా మంచం మీదే. అన్నం, స్నానం అన్నీ కోడలే. మీ కోడలు చెప్పిందే రాసి ఉంది. జ్వరంలో అలాగే అనిపిస్తుంది మామ్మా. పడుకో." నా దుప్పటి సరిచేసి వెళ్ళిపోయింది. మంచి పిల్ల. ఒక్కరోజు కూడా నన్ను తడిలో ఉంచలేదు. కానీ ఆమె నన్ను చూడటం లేదు. ఆ కాగితంలో ఉన్న ముసలమ్మను చూస్తోంది.

పక్క మంచం కాసులమ్మది. కశింకోట నుంచి వచ్చింది. చెరకు, వరి ఉన్న రైతు కుటుంబం. నాకంటే నాలుగేళ్ళు పెద్దది. ఆమెకూ నాలాంటి జ్వరమే. నా తరువాతి రోజు వచ్చింది. ఆమె కాగితంలో మాత్రం తన పనులు తానే చేసుకుంటుందని రాసి ఉంది. అందుకని రోజూ ఉదయం ఆమెను లేపి కూర్చోబెట్టేవారు. ఒక మనిషి వచ్చి చెయ్యి పట్టుకుని నడిపించేవాడు. నిన్న కిటికీ దాకా, ఇవాళ తలుపు దాకా. నా దగ్గరకు వచ్చేసరికి ఆ మనిషి కాగితం చూసి దాటిపోయేవాడు. నన్ను పక్కకు తిప్పి, వీపు తుడిచి, మళ్ళీ వెల్లకిలా వేసేవారు.

"ఏటమ్మా, నువ్వు లెగవేటి? ఒళ్ళు బద్దకమా?" అని కాసులమ్మ ఎగతాళి చేసేది.

"నన్ను లెగనియ్యరమ్మా."

"లెగేవోల్ని ఎవులాపుతారు? ముసల్దాన్ని, నాను తిరుగుతన్నాను సూడు."

దుప్పటి కింద నా పిక్కలు తడిమి చూసుకున్నాను. గట్టిగా రాయిలా ఉండేవి. నాలుగు రోజుల్లో తడిగుడ్డ పట్టుకున్నట్టు చేతిలోకి వచ్చేస్తున్నాయి. జ్వరం కొంత తీసుకుంది. మిగిలినది ఈ మంచం తీసుకుంటోంది.

కుమారి రోజూ సాయంత్రం సీసాలో జావ తెచ్చేది. రెండు ఆటోలు మారి వచ్చేది. ఆ వార్డులో నా పేరు పెట్టి అడిగి వచ్చే మనిషి ఆమె ఒక్కతే. నాలుగో రోజు ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"కుమారీ, నాను నడిసేదాన్నని ఆళ్ళకి సెప్పవే."

ఆమె అటూ ఇటూ చూసింది. "ఇప్పుడా? ఇప్పుడు సెప్తే దొంగమాట బయటడిపోద్ది పిన్నీ. మంచం కాళీ సెయ్యమంటే? జొరం బాగా దిగనీ. ఇంటికొచ్చేక నడుద్దువుగాని."

"ఇంటికొచ్చేక నడవడానికి కాళ్ళుండాల గదే."

"ఎక్కడికి పోతాయే నీ కాళ్ళు? ఊరంతా అరిగేవి." జావ తాగించి, నోరు తుడిచి వెళ్ళింది. నేను కూడా ఊరుకున్నాను. ఆమెకు కోపం వస్తే సాయంత్రం తలుపు వైపు చూడటానికి కారణం ఉండదు.

అయిదో రోజు భోజనాల తరువాత అందరూ కునుకు తీస్తున్నారు. కమ్మీలు లేని పక్కకు జరిగి కాళ్ళు కిందికి దించాను. నేల చల్లగా తగిలింది. ఎంత సంతోషం వేసిందో. కాసులమ్మ మంచం అంచు పట్టుకుని నిలబడ్డాను. ఒక అడుగు వేశాను. రెండో అడుగుకు గొట్టం లాగింది, మోకాలు పక్కకు వెళ్ళింది. పడలేదు, జారి కూర్చున్నాను. కాసులమ్మ కేక పెట్టింది. ముగ్గురు పరుగెత్తుకొచ్చి ఎత్తి మంచం మీద వేశారు. ఈసారి రెండు పక్కలా కమ్మీలు లేపారు. శ్రీదేవి కాగితం మీద ఏదో రాసింది.

"చూశావా? నడక లేదంటే వినవు. తుంటి విరిగితే ఎవరిది పూచీ?"

నేను నడవగలనని చూపించబోయాను. అది నడవలేనని రుజువైంది.

ఆ సాయంత్రం శ్రీదేవి కుమారిని పక్కకు పిలిచి గొట్టానికి తగిలించిన మూత్రం సంచి ఎలా ఖాళీ చెయ్యాలో, రెండు గంటలకు ఒకసారి నన్ను ఎలా తిప్పాలో నేర్పింది. కుమారి బుద్ధిగా తల ఊపుతోంది. ఆమె మొహం చూశాను. పాలిపోయి ఉంది. ఆమెకు ఇద్దరు ఆడపిల్లలు, మిషను, అద్దె గది. ఆమె నాకు కోడలు కాదు. ఎల్లుండి నన్ను ఇలాగే ఇంటికి పంపితే నా గది తలుపు గొళ్ళెం కూడా నేను తియ్యలేను. రెండు గంటలకు ఒకసారి తిప్పే మనిషి లేదు. మొదటి వారం ఆమె వస్తుంది. తరువాత ఒక పూట మానుతుంది. తప్పు పట్టడానికి ఉండదు. నేను ఆ గోడను చూస్తూ, అవతల మిషను వింటూ పడి ఉంటాను. నెల రోజులుగా మంచం మీద అని ఆమె చెప్పిన మాట అప్పుడు నిజమవుతుంది.

మరునాడు ఉదయం డాక్టరు త్రినాధరావు వచ్చాడు. చిన్నవాడే. ఇంటికి పంపే సంగతి మాట్లాడాలని కుమారిని కూడా ఉదయమే రమ్మన్నారు. కాగితాలు తిప్పి ఆమెతో అన్నాడు. "జ్వరం లేదు. రేపు తీసుకెళ్ళిపోవచ్చు. ఎలాగూ మంచం మీద మనిషే గదా, గొట్టం ఉంచి పంపుతాం. పుండ్లు పడకుండా చూసుకోవాలి."

"బాబూ," అన్నాను. "నాను మంచం మీద మనిసిని కాను."

ఆయన నా వైపు తిరిగాడు.

"సేపలమ్ముకునేదాన్ని. గంపెత్తుకుని ఊరంతా తిరిగేదాన్ని. నీల్లు తోడుకుని, వండుకుని, ఒక్కత్తినే ఉంటాను."

ఆయన కుమారిని అడిగాడు. "నిజమేనా? నడిచేదా ఈవిడ?"

కుమారి జావ సీసా మూత తిప్పుతూ ఉండిపోయింది. నేను ఆమె వైపే చూశాను. సాయంత్రం వేళ ఆమె కోసం తలుపు వైపు చూసినట్టు చూశాను.

"జొరం మాటలండి," అంది చివరికి. నా కళ్ళలోకి చూడలేదు.

ఆయన మళ్ళీ కాగితం వైపు వంగాడు. దాటిపోతాడనిపించింది. నాకు ఏడుపు వచ్చింది గాని ఏడిస్తే అది కూడా జ్వరమే అంటారు.

"సిస్టరమ్మా, నా కాలెత్తి బాబుకి సూపించు. నాకు ఎత్తడం అవటం లేదు."

శ్రీదేవి ఆయన వైపు చూసి, దుప్పటి తీసి నా కుడి కాలు ఎత్తింది. నా అరికాలు నాకు తెలుసు. మడమ చుట్టూ వేలెడు మందం చర్మం, పగుళ్ళు, పగుళ్ళ లోపల తారు రోడ్డు నలుపు. ఆరు రోజులు తుడిచినా ఆ నలుపు పోలేదు. ఆయన బొటనవేలితో నొక్కాడు. రెండో కాలు కూడా చూశాడు.

"నెల రోజులు నేల తగలని కాలు ఇలా ఉండదు," అన్నాడు మెల్లగా. "ఈ వివరాలు ఎవరిచ్చారు?"

"కోడలే సార్," అంది శ్రీదేవి.

అందరూ కుమారిని చూశారు. నాకు తెలియదనవచ్చు. ముసలిదాన్ని, జ్వరంలో ఉన్నాను, ఎవరేం చెప్పారో గుర్తు లేదంటే నమ్ముతారు. కాని అలా అంటే మళ్ళీ నా మాటకు విలువ ఉండదు.

"కోడలు కాదు బాబూ. పక్కోటాలో ఉంటాది. మంచం దొరకాలని అలాగ సెప్పింది."

డాక్టరు కోప్పడలేదు. కాగితం మీద ఒక గీత కొట్టి పైన ఏదో రాశాడు. గొట్టం ఇవాళే తియ్యమన్నాడు, లేపి కూర్చోబెట్టమన్నాడు, నడిపించే మనిషిని పిలవమన్నాడు. తరువాతి మంచానికి వెళ్ళాడు. కోపం వచ్చింది శ్రీదేవికి. ఆరు రోజులుగా నన్ను చంటిపిల్లలా చూసింది ఆమే.

"నోటికొచ్చింది చెప్పేస్తావా? మీలాంటోళ్ళ అబద్ధాలకి మేం రాసుకుంటూ పోవాలా? ఈవిడ కాళ్ళు తీసేశావు తెలుసా నువ్వు?"

వార్డంతా విన్నది. కాసులమ్మ దగ్గరున్న చుట్టాలు కూడా లేచి నిలబడి చూశారు. కుమారి మొహం ఎర్రబడింది. ఒక్క మాట నాతో అంది.

"నీకోసమే గదా సెప్పేను పిన్నీ."

"నాకు తెల్సునే."

ఇంకా ఏదో చెప్పాలి. ఈమె లేకపోతే నేను మంగళవారమే పోయేదాన్నని ఆ నర్సుకు చెప్పాలి. ఆ మాట నోటి దాకా వచ్చేలోపు కుమారి జావ సీసా తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజు మంచం అంచున కూర్చున్నాను. కళ్ళు తిరిగాయి. మరునాడు నిలబడ్డాను, నాలుగు అడుగులు వేశాను. నడిపించే మనిషి, "కాళ్ళకేసి కాదు, ముందుకి చూడు మామ్మా" అనేవాడు. మూడో రోజు గోడ పట్టుకుని మరుగుదొడ్డికి వెళ్ళి, తలుపు నేనే వేసుకున్నాను. లోపల కాసేపు ఊరికే నిలబడ్డాను. ఎనిమిది రోజుల తరువాత నన్ను ఎవరూ చూడని చోటు అది. సాయంత్రాలు మాత్రం తలుపు వైపు చూడటం మానలేకపోయాను. ఎవరూ రాలేదు. కాసులమ్మ నా కంటే ముందే వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు, "బద్దకం వదిలిందేటి" అని నవ్వింది.

పంపే రోజు శ్రీదేవి అడిగింది. "తీసుకెళ్ళడానికి ఎవరొచ్చారు మామ్మా?"

"ఎవులూ రాలేదు."

"ఎవరో ఒకరు సంతకం పెట్టాలి."

"నాను పెడతాను." పెట్టాను. అక్షరాలు వంకరగా వచ్చాయి.

నా గది తాళంచెవి కుమారి దగ్గర ఉంది. ఆటో దిగి ఆమె గుమ్మం దగ్గర నిలబడి పిలిచాను. మిషను ఆగింది. వచ్చి తాళంచెవి నా చేతిలో పెట్టి, "వచ్చేవా" అంది. లోపలికి వెళ్ళింది. మిషను మళ్ళీ మొదలైంది.

రెండు వారాలు అలాగే గడిచాయి. అన్నం వండుకుంటున్నాను. నీళ్ళు సగం బిందె తెచ్చుకుంటున్నాను. వీధి మలుపు దాకా వెళ్ళి రాగలను. గంప ఎత్తలేను. ఈ ఏడాది ఎత్తుతానో లేదో తెలియదు. నేల మీద కూర్చుంటే లేవడం కష్టం, అందుకని అన్నం మంచం మీదే తింటున్నాను. మాట్లాడే మనిషి లేక ఒక్కో రోజు నా గొంతు నాకే కొత్తగా వినబడుతుంది.

ఒక రోజు ఉదయం నుంచి అవతల మిషను పలకలేదు. మధ్యాహ్నం కూడా పలకలేదు. జ్వరం వచ్చిందేమో, నాలాగే నేల మీద కూలబడిందేమో అనిపించింది. గోడ పట్టుకుని వెళ్ళాను. తలుపుకు తాళం ఉంది. అప్పటికే కాళ్ళు వణుకుతున్నాయి. ఆమె గుమ్మం ముందు మెట్టు మీద కూర్చున్నాను. కూర్చున్నాక తెలిసింది, ఆ మెట్టు మరీ పొట్టిది. పట్టుకుని లేవడానికి అక్కడ ఏమీ లేదు.

ఎండ తగ్గే వేళకు కుమారి సంచి పట్టుకుని వచ్చింది. నన్ను చూసి ఆగింది.

"నడిసొచ్చేవా?"

"నడిసొచ్చేను. నీ మిషను పలకలేదు. జొరమొచ్చిందేటోనని."

"బెల్టు తెగింది. బజారుకెళ్ళేను."

సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. నేలకేసి చూస్తూ అంది. "ఆ సిస్టరు అంతమందిలో నన్ను అలాగ అంతంటే, నువ్వొక్క మాట అన్లేదు పిన్నీ."

"అన్లేదు."

ఇంకేం చెప్పను? అనాలనుకున్నానని చెబితే సాకులా ఉంటుంది. నిజం చెప్పకపోతే నేను ఆమె గుమ్మం దాకా నడిచి వచ్చేదాన్ని కాదు. చెప్పాను కాబట్టే ఆమెకు బయటి మనిషినయ్యాను. ఈ రెండూ ఆమెకు ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

"లెగు మరి. తలుపు తియ్యాల," అంది.

"లెగలేనే. మెట్టు పొట్టిగుంది."

సంచి కింద పెట్టింది. నా చంకల కింద చేతులు వేసి, "ఊఁ" అని లేపింది. ఆమె ఒంటికి మిషను నూనె వాసన ఉంది. నేను గోడ అందుకోగానే చేతులు తీసేసింది.

"మెల్లగెల్లు. పడిపోగల్వు."

"ఎల్తాను."

గోడ పట్టుకుని నా గుమ్మం వైపు బయలుదేరాను. వెనక తాళం తీసిన చప్పుడు వినిపించింది. వెనక్కి తిరిగితే ఇప్పుడు నేను తూలిపోతాను. అందుకని ఆమె గుమ్మంలో నిలబడి చూస్తోందో, లోపలికి వెళ్ళిపోయిందో నాకు తెలియదు.